నూకరత్నం ఎడమ చెయ్యి

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి మా ఆవిడ పెళ్లయిన వారానికే కనిపెట్టింది. మా శాఖవాళ్లు మాత్రం ఇరవై రెండేళ్ల సర్వీసులో కనిపెట్టలేకపోయారు, ఎందుకంటే ఆ కోపమంతా నేను సుద్దముక్కల మీద చూపిస్తాను. నా పేరు కడలి పుల్లేశ్వరరావు. పెదమెరక హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టర్ని. మా ఊరు గోదావరి పాయ పక్కన, కొబ్బరితోటల మధ్య ఉంటుంది. మా బడికి అయిదు గదులు. నాలుగు శ్లాబువి, అయిదోది బెంగుళూరు పెంకులది. ఆ పెంకుల గదిలో ఏడో తరగతి కూర్చుంటుంది. ఆ గది కప్పుకి ఓ కన్నం ఉంది. ఆ కన్నం కింద పితాని నూకరత్నం కూర్చుంటుంది.

పాపం, ఆ పిల్ల వేరేచోట కూర్చోకూడదా అని మీరు అడగొచ్చు. ముప్ఫై నలుగురు పిల్లలున్న ఇరుకు గదిలో ఎవరో ఒకరు కన్నం కిందికి రావలసిందే. బడి తెరిచిన రోజున నూకరత్నం పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అంతే, ఏడాదంతటికీ ఆ చోటు రాసిపెట్టేసినట్టయింది. వానలు మొదలైన దగ్గర్నుంచీ పక్కన బకెట్టు, ఒళ్లో పుస్తకం పెట్టుకుని చదువుకుంటోంది. ఇంగ్లీషు వాచకం మూడుసార్లు తడిసి పూరీలా ఉబ్బింది. అయినా అందులో ఏ పేజీ అడిగినా చూడకుండా చెప్పేస్తుంది, ఎందుకంటే చూడ్డానికి అక్కడ అక్షరాలు మిగల్లేదు.

ఇంజినీరింగు విభాగం నుంచి ఏఈ గారొకాయన వచ్చి కప్పు చూసి, పెదవి విరిచి, ఓ కాగితం రాసిచ్చి వెళ్లాడు. దసరా సెలవుల్లోగా కప్పు బాగుపడకపోతే గదికి తాళం వేసి, ఏడో తరగతిని రేవు అవతల బడికి పంపించెయ్యాలట. రేవు అవతలికంటే రోజూ పంటు మీద పాయ దాటాలి. నూకరత్నం తండ్రి సత్తిబాబు కొబ్బరి దింపు తీస్తాడు. నలభై అడుగుల చెట్టు మంచినీళ్లు తాగినంత తేలిగ్గా ఎక్కి దిగుతాడు కానీ, చిన్నప్పుడు ఓ పడవ తిరగబడడం కళ్లారా చూశాడు. పిల్లని పంటు ఎక్కించే పనైతే చదువే మాన్పించేస్తానని నా మొహం మీదే చెప్పాడు. అంచేత దసరాలోగా కప్పు బాగవ్వాలి, లేకపోతే నూకరత్నం చదువు ఏడో తరగతిలో ఆగిపోతుంది. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తరవాత మా శాఖ మరిచిపోయింది.

సరిగ్గా అప్పుడే మా మీదికి మిషన్ వచ్చి పడింది.

మా శాఖలో మిషన్ డైరెక్టర్ అనే పదవి ఒకటుంది. ఏం మిషనో అన్నది ఆ కుర్చీలో కూర్చున్నాయనకి ఏదైనా తట్టాక తేలుతుంది. ఇప్పుడున్న సుధీంద్ర గారు శిక్షణ కోసమని ఓ కొండమీది హోటల్లో వారం రోజులున్నారట. పొద్దున్నే టిఫిను దగ్గర సర్వరు వంగి, "వోంట్ యూ హావ్ సమ్ మోర్ టీ, సార్?" అన్నాడట. టీ కావాలా అని కాదు, ఇంకాస్త పుచ్చుకోరా అని. ఆ మర్యాదకి ఆయన కరిగిపోయి మూడు కప్పులు తాగారట. మూడో కప్పులో ఆయనకి జ్ఞానోదయమైంది. మన పిల్లలు వెనకబడిపోవడానికి కారణం, వాళ్లు 'వాట్ ఈజ్ యువర్ నేమ్' దగ్గరే ఆగిపోయి, 'ఈజింట్' దాకా, 'డోంట్' దాకా, 'వోంట్' దాకా రాకపోవడమేనని. మా ఆవిడ నన్ను రోజూ రెండుపూటలా "ఇంకొంచెం వేసుకోరా?" అనే అడుగుతుంది. దానికి ఏ మిషనూ అక్కర్లేకపోయింది.

నాలుగు రోజుల్లో సర్క్యులరు దిగింది. దాని పేరు వ్యతిరేకార్థక ప్రశ్నా వికాస ఉద్యమం. పలకలేనివాళ్ల కోసం వ్యప్రవి అని కుదించారు, దాన్నీ ఎవరూ పలకలేకపోయారు. మా హెడ్మిస్ట్రెస్ శేషారత్నం గారు స్టాఫు రూములో కళ్లజోడు సర్దుకుని చదివి వినిపించారు.

"విద్యార్థులలో నిగూఢముగా నున్న జిజ్ఞాసను వ్యతిరేకార్థక ప్రశ్నల ద్వారా వెలికితీయ సంకల్పించడమైనది. ప్రతి విద్యార్థి దినమునకు పది ప్రశ్నలకు తగ్గకుండా ఆంగ్లమున సంధించవలెను. 'నాట్' లేని ప్రశ్నలు పాఠశాల ఆవరణమున నిషేధించడమైనది. లక్ష్యమును మించిన పాఠశాలను 'వై నాట్ పాఠశాల'గా ప్రకటించి, భవన మరమ్మతులలో ప్రథమ ప్రాధాన్యము కల్పించబడును."

చివరి వాక్యం దగ్గర ఆవిడ ఆగి నావంక చూశారు. నేను కిటికీలోంచి పెంకుల గదివంక చూశాను. ఆవిడకి రిటైర్మెంటు ఇంకా తొమ్మిది నెలలుంది. ఇరవయ్యేళ్లుగా ఏ అధికారికీ ఎదురు చెప్పని మనిషి. ఆవిడే ఆ రోజు, ఏడ్చో మొత్తుకునో ఆ ప్రశ్నలేవో అడిగేద్దాం మాస్టారూ, కప్పు బాగుపడుతుంది కదా అన్నారు. సరే అన్నాను. ఆ సరే అన్నందుకు తరవాత ఎన్ని సుద్దముక్కలు విరిచానో లెక్కలేదు.

మండలంలో శిక్షణ పెట్టారు. నేర్పడానికి వచ్చినాయన ఎండలో కోటేసుకుని, చెమటలు కక్కుతూ, నిశ్చయార్థక ప్రశ్న బానిస మనస్తత్వానికి చిహ్నమనీ, వ్యతిరేకార్థక ప్రశ్న పౌరుడి లక్షణమనీ రెండు గంటలు చెప్పాడు. పిల్లలు అడిగిన ప్రశ్నల సంఖ్య రోజూ మూడున్నరలోగా యాప్‌లో ఎక్కించాలన్నాడు. యాప్ తెరిచి చూపించాడు. అందులో బడి పేరుకి ఓ గడి, తరగతికి ఓ గడి, ప్రశ్నల సంఖ్యకి ఓ గడి ఉన్నాయి. జవాబులు ఎక్కడ ఎక్కించాలని నేనడిగాను. జవాబులకి గడి లేదన్నాడు. పిల్లలు అడిగినదానికి జవాబు చెప్పక్కర్లేదా అన్నాను. 'నాట్' పెట్టి అడిగినందుకు ముందు నన్ను మెచ్చుకున్నాడు. తరవాత, "జవాబు వస్తే ప్రశ్న ముగిసిపోతుంది మాస్టారూ. ప్రశ్నను సజీవంగా ఉంచడమే మన ధ్యేయం" అన్నాడు. పక్కనున్న లెక్కల మాస్టారు ఈ సూత్రం తన సబ్జెక్టుకి కూడా వర్తిస్తే బాగుండునని నా చెవిలో అన్నాడు.

మర్నాటి నుంచి మా బడి మారిపోయింది. హాజరు పిలిస్తే "ఆరింట్ యూ ప్రెజెంట్?" అని నేననాలి. "యామింట్ ఐ?" అని పిల్లాడనాలి. అలాంటి మాట ఇంగ్లీషులో లేదురా అని నేను మొత్తుకున్నా, గడిలో అంకె పెరుగుతోంది కదాని మా హెడ్మిస్ట్రెస్ గారు ఊరుకోమన్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ వచ్చినవాళ్లని ఎవరు కావాలి అని అడగడం మానేసి, ఎవరు వద్దు అని అడగడం మొదలుపెట్టాడు. ఓ పిల్లాడి తల్లి ఆ మాటకి ఒళ్లు మండి అరగంట చెప్పింది, ఎవరెవరు వద్దో. అందులో నా పేరు కూడా ఉందట.

ఎంత చేసినా రోజుకి తొమ్మిది వందలు దాటడం లేదు. లక్ష్యం పదిహేను వందలు. ఆ చిక్కుముడి విప్పింది మధ్యాహ్న భోజనం వండే మహాలక్ష్మమ్మ. ఆవిడకి ఇంగ్లీషు రాదు. కానీ గుడ్లు పెట్టేరోజు గరిటె పట్టుకుని ప్రతి పిల్లాణ్ణీ గుడ్డు వద్దా అంటుంది, ప్రతి పిల్లాడూ ఎందుకొద్దూ అంటాడు. ఇది ఆవిడ పదేళ్లుగా చేస్తున్నదే. నేను ఆవిడకి "డోంట్ యూ వాంట్ ఎగ్?" నేర్పాను, పిల్లలకి "వై నాట్?" నేర్పాను. నూట యాభై మంది పిల్లలు. ఒక్క వరసలో మూడువందల ప్రశ్నలు, అదీ పావుగంటలో. తరవాత అన్నానికి, పప్పుకి, మజ్జిగకి, ఉప్పుకి కూడా అడిగించాం. వారంలో మేము మండలానికి మొదటి బడి అయ్యాం. మహాలక్ష్మమ్మకి రిసోర్స్ పర్సన్ అని బ్యాడ్జీ వచ్చింది. అది పెట్టుకుని వండితే ఆవిరికి మసకబారుతోందని ఆవిడ దాన్ని ఉప్పు డబ్బా మీద అంటించింది.

మొదటి బడి అయ్యాం కనుక కప్పు గురించి ఇంజినీరింగు విభాగానికి రాశాను. ఏడో తరగతి కప్పు కారుతోంది, బాగుచేయించండి అని రెండు ముక్కలు. ఉత్తరం మూడోరోజుకి తిరిగొచ్చింది. వాక్యం నిశ్చయార్థకంగా ఉన్నందువల్ల ఉద్యమ కాలంలో స్వీకరించడం వీలుపడదట. నాకు తల తిరిగిపోయింది. తరగతిలోనే నల్లబల్ల మీద కొత్త ఉత్తరం ముసాయిదా మొదలుపెట్టాను. కోపంలో ఉన్నాను కనుక మొదట సూటిగానే రాశాను, "వై డోంట్ యూ మెండ్ అవర్ రూఫ్?" అని. అటుగా వచ్చిన హెడ్మిస్ట్రెస్ గారు అది చూసి గుండె పట్టుకున్నారు. పై అధికారిని అలా మొహం మీద అడిగితే తన పెన్షను సంగతేమిటన్నారు. నేను దాన్ని చెరిపేసి, "ఈజింట్ అవర్ రూఫ్ లీకింగ్?" అని మెత్తగా రాసి పంపాను. చెరిపేలోగా దాన్ని ఓ జత కళ్లు చదివేశాయని నాకప్పుడు తెలీదు.

జవాబు వెంటనే వచ్చింది. మీరు అంచనా జతపరచలేదా? జూలైలోనే జతపరచలేదా అని నేను రాశాను. అది పాతబడిపోలేదా అని వాళ్లు రాశారు. పాతబడేదాకా కూర్చున్నది మీరు కాదా అని నేను రాశాను. మీరు పై అధికారులను ప్రశ్నించుటలేదా అని వాళ్లు రాశారు. ఈ రెండువైపుల ప్రశ్నలూ యాప్‌లో ఎక్కి, ఆ నెల ఉత్తమ ఉత్తర ప్రత్యుత్తరాల బహుమతి మాకూ ఇంజినీరింగు విభాగానికీ సగం సగం వచ్చింది. ఆ ప్రశంసాపత్రం నేను బకెట్టు మీద మూతగా వేశాను. సాయంత్రానికి అది మెత్తబడి బకెట్లో పడింది.

దసరా ఇంకా అయిదు వారాలుందనగా డైరెక్టర్ సుధీంద్ర గారే మా బడికి వస్తున్నారని కబురొచ్చింది. శేషారత్నం గారు ఆ పూట అన్నం తినలేదు. మాకు తెలిసిన విద్య ఒక్కటే ఉంది, దాన్ని తీశాం.

ఆ విద్యేమిటో చెప్తాను, మీరు ఎవరికీ చెప్పకండి. అధికారి వచ్చినప్పుడు క్లాసులో సగంమంది చేతులు కట్టుకుని కూర్చుంటే బడి పరువు పోతుంది. అందుకని మా వైపు బళ్లలో పాత పద్ధతి ఒకటుంది. ఏం అడిగినా అందరూ చెయ్యెత్తాలి. వచ్చినవాళ్లు కుడి చెయ్యి, రానివాళ్లు ఎడమ చెయ్యి. చూసేవాళ్లకి చేతులడవి కనిపిస్తుంది. మాస్టారు మాత్రం కుడి చేతుల్లోంచే ఏరుకుంటాడు. నేను పిల్లాణ్ణైనప్పుడూ ఇదే, నా మాస్టారు పిల్లాడైనప్పుడూ ఇదే.

పన్నెండు మందికి తలా ఓ ప్రశ్న బట్టీ పట్టించాను. ఈజింట్ ద సన్ హాట్, డజింట్ ద కౌ గివ్ మిల్క్, అలాంటివి. వాళ్లది కుడి చెయ్యి. మిగిలినవాళ్లది ఎడమ. నూకరత్నం ఎడమలోకి వచ్చింది. తెలివి లేక కాదు. బట్టీ పట్టే రెండు రోజులూ వాన పడింది, ఆ పిల్ల రెండు రోజులూ బకెట్టు పారబోసుకుంటూ కూర్చుంది.

డైరెక్టర్ గారు వచ్చినరోజు కూడా వానే. శేషారత్నం గారు బకెట్టు కనిపించకుండా బల్ల కిందికి తోయించారు, చినుకులు నూకరత్నం బల్ల మీద టపటపా పడుతున్నాయి. సుధీంద్ర గారు చూడ్డానికి మంచివాడిలాగే ఉన్నారు, నవ్వుమొహం. ఎవరైనా నన్నో ప్రశ్న అడుగుతారా అన్నారు. వెంటనే నాలిక కరుచుకుని, అడగరా అని దిద్దుకున్నారు. ముప్ఫై నాలుగు చేతులు లేచాయి. నేను సూర్యుడి ప్రశ్న పిల్లాడివైపు వేలు చూపించబోయాను. ఆయన నా వేలు పట్టుకుని కిందికి దింపారు.

"కుడి చేతులు దింపెయ్యండి" అన్నారు. తరవాత నావైపు తిరిగి నెమ్మదిగా అన్నారు, "నేను అయిదేళ్లు ఎడమ చెయ్యే ఎత్తాను మాస్టారూ. ఒక్కసారి కూడా నన్ను ఎవరూ అడగలేదు."

నాకు సిగ్గేసింది. నిజం చెప్తున్నాను, ఆ ఒక్క క్షణం ఆయన మీద గౌరవం కూడా కలిగింది. ఆయన నూకరత్నాన్ని లేవమన్నారు. ఆ పిల్ల లేచి నావంక చూసింది. నా దగ్గర ఇవ్వడానికి ప్రశ్న లేదు. పైకి చూసింది. చినుకు సరిగ్గా నుదుటి మీద పడింది. తుడుచుకుని, తడుముకోకుండా అడిగింది.

"వై డోంట్ యూ మెండ్ అవర్ రూఫ్, సార్?"

శేషారత్నం గారు గోడకి ఆనుకున్నారు. సుధీంద్ర గారు కళ్లు మూసుకున్నారు. తెరిచాక చూస్తే ఆ కళ్లలో నీళ్లున్నాయి. ఆ పిల్ల చేత మూడుసార్లు అడిగించుకున్నారు. 'డోంట్' ఎక్కడ పడాలో అక్కడ పడిందనీ, 'యూ' దాని వెనకే వినయంగా నిలబడిందనీ, 'సార్' అన్నమాట దండకి పువ్వులా కుదిరిందనీ వెంట వచ్చినవాళ్లకి వేళ్లమీద లెక్కపెట్టి చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన భుజం మీద రెండు చినుకులు పడితే రుమాలుతో అద్దుకుని, మళ్లీ ఓసారి అడగమన్నారు.

ఇంక ఉండబట్టలేక, సార్ మరి జవాబో అన్నాను. ఆయన నావంక జాలిగా చూశారు.

"ఇంత చక్కని ప్రశ్నని జవాబు చెప్పి పాడు చెయ్యమంటారా?" అన్నారు.

పది రోజుల్లో అది రాష్ట్ర ఉత్తమ వ్యతిరేకార్థక ప్రశ్న అయిపోయింది. అన్ని బళ్ల గోడల మీదా రాయించారు. ప్రార్థనలో ప్రతిజ్ఞ తరవాత చెప్పించారు. మేడలున్న బళ్లలో, చలవరాతి గచ్చున్న బళ్లలో, నిరుడే కట్టిన బళ్లలో పిల్లలంతా చేతులు కట్టుకుని మా కప్పు బాగుచెయ్యరేం సార్ అని ఇంగ్లీషులో అడుగుతున్నారట. ఎక్కడికెళ్లినా అధికారులు పొంగిపోయి చప్పట్లు కొడుతున్నారట. అంతమంది అడిగాక కప్పు బాగుపడకుండా ఎలా ఉంటుందని మేము సంబరపడ్డాం. ఒకరోజు ఏఈ గారు నిచ్చెన, టేపు పట్టుకుని రానే వచ్చాడు. శేషారత్నం గారు పిల్లలందరికీ జీళ్లు పంచారు. నూకరత్నం బకెట్టు తోమి, వంటగదిలో మహాలక్ష్మమ్మకి తిరిగిచ్చేసి వచ్చింది.

ఏఈ గారు నిచ్చెనెక్కి కన్నం కొలిచాడు. పదకొండు అంగుళాలు పొడుగు, ఏడు వెడల్పు. రాసుకున్నాడు. కిందికి దిగి కన్నం కింది చోటు చుట్టూ పసుపురంగు తాడు కట్టి, నా చేతిలో ఓ ఉత్తర్వు పెట్టాడు.

"రాష్ట్ర ఉత్తమ ప్రశ్న ఉద్భవించిన స్థలమైనందున సదరు కప్పును, అందలి కన్నమును యథాతథ స్థితిలో పరిరక్షించవలెను. మరమ్మతు గావించిన యెడల ప్రశ్న అర్థరహితమగును. కన్నము కొలతలలో మార్పు రాకుండుటకు ప్రధానోపాధ్యాయురాలు బాధ్యత వహించవలెను."

రెండుసార్లు చదివాను. మరి పిల్లలో అన్నాను. దానికి ఆయన, గదికి తాళం వెయ్యమన్న పాత కాగితం ఉండనే ఉంది కదండీ అన్నాడు. దసరా తరవాత గది చూడ్డానికొచ్చేవాళ్లకి ఉంచేసి, క్లాసుని రేవు అవతలికి పంపుతారట. ఎవరైనా పెద్దవాళ్లు వచ్చినరోజు మాత్రం నూకరత్నాన్ని పంటు మీద తెచ్చి కన్నం కింద నిలబెట్టి ప్రశ్న అడిగించాలట. చేతిలో ఉన్న సుద్దముక్క పొడైపోయింది.

సాయంత్రం సత్తిబాబు నడుముకి కత్తి, భుజాన తాడుతో చెట్టు దిగినవాడు దిగినట్టే బడికొచ్చాడు. కేకలేస్తాడేమో అనుకున్నాను. నెమ్మదిగానే అడిగాడు.

"మా పిల్ల అడిగింది కప్పు గురించి కదండీ మాస్టారూ. చప్పట్లు కొట్టమని కాదు కదండీ."

నేను కూడా ఆ పిల్లకి నేర్పినవాణ్ణే, ఎడమ చెయ్యి ఎత్తమన్నవాణ్ణే. గుడ్డుకి, ఉప్పుకి ప్రశ్నలు లెక్కపెట్టి గడిలో ఎక్కించినవాణ్ణే. సెలవుల దాకా పిల్లని మాన్పించకు, నాకు నాలుగు రోజులు టైమియ్యి అని బతిమాలాను. ఆ నాలుగు రోజుల్లో ఏం చేస్తానో నాకే తెలీదు.

మూడోరోజు జిల్లా ఆఫీసు నుంచి ఆటోలో ఓ పెద్ద చుట్ట దిగింది. విప్పితే ఫ్లెక్సీ. ఇరవై అడుగుల పొడుగు, పన్నెండు అడుగుల వెడల్పు, మంచి దళసరి సరుకు. ఒకవైపు సుధీంద్ర గారి నిలువెత్తు బొమ్మ, మధ్యలో బండ అక్షరాల్లో ప్రశ్న, కింద మూలన తపాలా బిళ్లంత నూకరత్నం. దానికి అంటించిన కాగితంలో, ఈ ఫ్లెక్సీని పాఠశాలయందు అత్యున్నత స్థలమున, గాలివానకు చెదరకుండునట్లు దృఢముగా అమర్చవలెనని ఉంది.

నేను ఆ కాగితం పట్టుకుని బడంతా తిరిగాను. అత్యున్నత స్థలం ఏమిటా అని. కాంపౌండు గోడ అయిదడుగులు. శ్లాబు గదులు పదకొండడుగులు. పెంకుల గది నడికొప్పు పధ్నాలుగడుగులు. ఆఫీసువాళ్ల మాట జవదాటడం నాకు ఇష్టం లేకపోయింది. సత్తిబాబుకి కబురు పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం సత్తిబాబు పైకెక్కాడు. ఫ్లెక్సీని నడికొప్పు మీదుగా రెండువైపులా జారేలా పరిచి, వాసాలకి కొబ్బరితాడు పేని బిగించి, అంచుల మీద ఇటుకలు పేర్చాడు. నేను కింద నుంచి తాళ్లు అందించాను. శేషారత్నం గారు గొడుగేసుకుని వచ్చి, అటువైపు తిరిగి నిలబడ్డారు. "నేను చూడలేదు మాస్టారూ" అన్నారు. మళ్లీ తనే, ఆ మూల ఇంకో ఇటుక పెట్టమన్నారు. కన్నం కొలతలు మాత్రం మేము ముట్టుకోలేదు. పదకొండు బై ఏడు అలాగే ఉంది. దానికి పైన డైరెక్టర్ గారి మోకాలు వచ్చింది.

మంగళవారం మబ్బు చిల్లుపడ్డట్టు వాన. ఏడో తరగతిలో ముప్ఫై నలుగురూ మెడలెత్తి కప్పువంకే చూస్తున్నారు. ఒక్క చుక్క పడలేదు. నూకరత్నం వంటగది నుంచి మళ్లీ తెచ్చుకున్న బకెట్టుని బోర్లించి, దాని మీద పుస్తకాల సంచి పెట్టుకుంది. ఆ రోజు పాఠం ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

గురువారం ఏఈ గారు పొరుగు జిల్లా నుంచి ఓ బస్సెడు మంది పెద్దల్ని తీసుకొచ్చాడు, ప్రశ్న పుట్టినచోటు చూపించడానికి. అందరూ వానకోట్లు వేసుకుని, గదిలో గొడుగులు విప్పుకుని, పసుపుతాడు చుట్టూ నిలబడ్డారు. బయట జడివాన. లోపల చుక్క లేదు. పావుగంట నిలబడ్డారు, అరగంట నిలబడ్డారు. ఓ పెద్దాయన ఇంకా కారదా అని విసుక్కున్నాడు. ఆ ప్రశ్న కూడా ఎవరో యాప్‌లో ఎక్కించారు. ఏఈ గారు కాగితం దగ్గర నిక్కచ్చి మనిషి. కళ్లతో చూసింది రాయకుండా ఉండలేడు. 'కారుట గమనించబడలేదు' అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాడు. కారని గదిని కారుతోందని మూసెయ్యడం కుదరదని, తన పాత కాగితం ఈ సంతకంతో చెల్లకుండా పోయిందని ఆయనకి బస్సెక్కాక వెలిగిందట. ఏడో తరగతి రేవు దాటక్కర్లేదు.

నేను మాత్రం దొరికిపోయాను. దసరా సెలవులు ఇవ్వబోయే రోజు పొద్దున్నే నోటీసొచ్చింది. పిల్లల ముందే కవరు చింపాను. చదువుతుంటే, నా ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను గమనించని సంగతి ఒకటి తెలిసింది. వ్యతిరేకార్థక ప్రశ్న మా శాఖకి సుధీంద్ర గారు కొత్తగా తెచ్చిందేం కాదు. మా శాఖ పుట్టిన దగ్గర్నుంచీ అడుగుతున్న ప్రశ్న అదొక్కటే. దాన్ని నల్లబల్ల మీద పూర్తిగా రాశాను.

"రాష్ట్ర ప్రాముఖ్యము గల కన్నమును అనుమతి లేకుండ కప్పివేసినందులకు మీపై చర్య ఎందుకు తీసుకొనరాదు?"

పిల్లలకి అర్థం చెప్పాను. మాస్టారి మీద చర్య ఎందుకు తీసుకోకూడదు అని అడుగుతున్నారర్రా, దీనికి జవాబు చెప్పాలి, ఎవరికైనా వచ్చా అన్నాను. 'నాట్' లేకుండానే అడిగాను. అలవాటు కొద్దీ అందరూ చేతులెత్తారు. ముప్ఫై మూడు ఎడమ చేతులు. మూడో వరసలో, బోర్లించిన బకెట్టు పక్కన, ఒక్క కుడి చెయ్యి.

చెప్పమ్మా నూకరత్నం అన్నాను.

"ఇప్పుడు కారట్లేదు కదండీ మాస్టారూ, అందుకండి" అంది.

ఆ ఒక్క ముక్కే కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి పంపేశాను. సెలవులయ్యాక ఆఫీసు క్లర్కు ఫోన్ చేశాడు. మీ దగ్గర్నుంచి జవాబు వచ్చిందండి, ఎక్కించడానికి యాప్‌లో గడి లేదు, ఏం చెయ్యమంటారు అన్నాడు. గడి వచ్చేదాకా తడవకుండా దాచమన్నాను.